మూడు రోజులు, మూడు బస్సులు, ఒక ఫోల్డరు

చండ్రుగొండ దగ్గరి ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో కంప్యూటర్లు చూసుకునేది రూప్లి. వాళ్ల తండాలో మొదటి డిగ్రీ ఆమెదే. 2008 వేసవి సెలవుల్లో ఎనిమిది కంప్యూటర్లకూ అవి నడిచే సాఫ్ట్‌వేర్, కొత్త లినక్స్ ఎక్కించింది. సీడీ పెట్టింది, అది అడిగినప్పుడల్లా చదవకుండా అవునని ‘వై’ నొక్కింది.

బడి తెరిచిన సోమవారం పిల్లల ఫోల్డరు ఖాళీగా కనిపించింది. అమ్మమ్మల్ని అడిగి తెలుసుకున్న మూడొందల అడవి మొక్కల పేర్లు పిల్లలు అందులోనే టైపు చేశారు. శుక్రవారం వాటిని చూడ్డానికి ఆఫీసర్లు వస్తున్నారు.

"అన్నీ పోయినయా రూప్లీ?" అంది హెడ్మిస్ట్రెస్ ప్రమీల.

రూప్లి పరుగున పోయి, పిల్లల ఫైళ్లన్నీ దాచే పక్క గదిలోని సర్వర్ చూసింది. అన్నీ భద్రం.

"పోలే మేడం. సర్వర్ల ఉన్నది ఇక్కడ చూపించే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటది, ప్యాకేజీ అంటరు. దాన్ని కొత్త లినక్స్ తీసేసింది."

"నిన్ను అడగకుండనే?"

"అడిగింది మేడం. నేనే ‘వై’ అన్న."

స్కూల్లో ఇంటర్నెట్ లేదు. మంగళవారం పెన్ డ్రైవు కొంగున ముడేసుకుని కొత్తగూడెం బస్సెక్కింది. నెట్ సెంటర్లో ప్యాకేజీ దింపుకొచ్చి ఎక్కించబోతే, పోర్ట్‌మ్యాప్ అనే ఇంకో ప్యాకేజీ లేనిదే ఎక్కనంది. బుధవారం దాన్ని తెస్తే, అది మరో రెండు అడిగింది.

"కులం సర్టిఫికెట్ కోసం తిరిగినప్పుడు కూడా గిట్లనే అయింది," అని కంప్యూటర్ మీదే అరిచింది.

గురువారం కండక్టర్ మంగీలాల్ టికెట్ కొడుతూ, "ఇయ్యాల ఏం తక్కువైందమ్మా?" అన్నాడు.

"ఇయ్యాల వాటి చుట్టాలందర్నీ ఒక్కసారే తోలుకొస్త అన్నా!"

ఈసారి స్కూలు కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో జాబితా వెంట తెచ్చుకుంది. నెట్లో ఒక్కో ప్యాకేజీకీ ఏమేం కావాలో చదివింది, జాబితాతో పోల్చింది, లేనివాటిని నోటుబుక్కులో రాసుకుంది. మొత్తం ఏడు తేలాయి. ఏడూ దింపుకుంది. మధ్యాహ్నం తిరిగొచ్చి, ముందు ఒక్క కంప్యూటర్లోనే, అన్నింటినీ కలిపి ఒకే కమాండుతో ఎక్కించింది. ఈసారి ఏదీ మొరాయించలేదు. సర్వర్లోని ఫోల్డరు తగిలించగానే మొక్కల పేర్లు బిలబిలా వచ్చి పడ్డాయి. మిగతా ఏడింటికీ అట్లాగే ఎక్కించింది.

వెనక నిలబడ్డ పిల్లలు చప్పట్లు కొట్టారు. సరళ అనే అమ్మాయి మాత్రం స్క్రీన్ మీదికి వంగి, "మేడం, మా అమ్మమ్మ చెప్పిన పేరు తప్పు కొట్టిన," అని దిద్దడానికి కూర్చుంది.

"ఆఫీసు కంప్యూటర్‌కి కూడా కొత్త లినక్స్ ఎక్కిస్తవా?" అంది ప్రమీల.

"రేపు ఆఫీసర్లు పోయినంక మేడం," అంది రూప్లి. "పొద్దటి సంది ఏం తినలే," అని వంటగది వైపు నడిచింది.