ఒడిలో ఇనుప వలయం

యుద్ధం రోజుల్లో చింతామణి నుంచి చిక్కబళ్లాపురానికి పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో పోతుంటే, పక్కనున్న పెద్దాయన ఒడిలో ఇనుప వలయం కనిపించింది. బెంగళూరు కాలేజీలో ఏళ్ల తరబడి బాస్కెట్‌బాల్ నేర్పాడట. పనిలోంచి తీసేశారు. కొత్త మాస్టరుకు దక్కకూడదని పిల్లలు స్తంభానికున్న వలయాన్ని ఊడబెరికి, పూలదండ చుట్టి ఆయనకిచ్చి పంపారు.

నా లెక్కకది గౌరవమే. ఆ మాటే అన్నాను.

"ఏం గౌరవమప్పా? పైనోల్లు నన్ను తీసేసిరి, పిల్లోల్లు ఆటనే తీసేసిరి. ఇంగ యాడాడేది? దీన్ని వాపసు ఇచ్చేకే బెంగళూరు పోతుండా." అని విసుక్కున్నాడు.

"పార్సిల్ చేయండప్పా. వెళ్లగొట్టిన చోటికి మళ్లా పోవల్లా?"

"పంపితే బిగించరు. పిల్లోల్లు పంతం మీదుండారు. నేనే నిలబడి బిగించల్ల."

చిక్కబళ్లాపురంలో దిగి, వలయం భుజానికి తగిలించుకుని రైలు స్టేషను వైపు నడిచాడు. కాలేజీ వాళ్లు ఆయన్ని లోపలికి రానిచ్చారో లేదో, నాకిప్పటికీ తెగని లెక్కే.