చేనులోని మూడాకు

వికారాబాద్‌లో ఫ్లెక్సీ ముద్రించినవాడి మీద మండిపడుతూ తాండూరు బస్సెక్కాను. సండే స్కూల్ పిల్లలకు త్రియేక దేవుణ్ణి బోధించడానికి ఐర్లాండ్ వాళ్ల గుర్తైన మూడు రేకుల షామ్‌రాక్ ఆకు వేయమంటే, నాలుగు రేకులైతే అదృష్టమని నాలుగు వేశాడు. పూర్వం ఐర్లాండ్‌లో సువార్త చెప్పిన పాట్రిక్ భక్తుడు నేల మీది మూడు రేకుల ఆకు తెంపి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ ఒక్క దేవుడేనని అక్కడివాళ్లకు చూపాడంటారు. మరి ఈ నాలుగోది ఎవరిది?

పక్క సీట్లోని కూలి తల్లికి ఫ్లెక్సీ విప్పి ఇదంతా చెప్పాను. ఆమె నవ్వింది.

"గిసొంటి మూడాకుది మా కందిచేన్ల మస్తుంటది సారూ. పుల్లగుంటది. పీకలేక సస్తం."

"దేవుని మాట చెప్తుంటే కలుపు ముచ్చటేందమ్మా!" అని కసిరాను.

"గా భక్తుడు గూడ కాళ్లకాడిదే తెంపిండంటిరి గద. మీరేమో గీ ఆకుకు వికారాబాద్ దాంక పోయిండ్రు."

ఫ్లెక్సీ చుట్టేశాను. ఆమె తన ఊరి స్టేజీలో దిగిపోయింది.

ఆ ఆదివారం పిల్లలను చేనుగట్టుకు తీసుకెళ్లి, ఆ ఆకు వెతకమన్నాను. వాళ్లందరికీ అది ముందే తెలుసు. ఇన్నేళ్లు బోధించిన నాకే తెలియదు. నా మీద నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు.