చచ్చిన హౌస్ ఓనరు నవ్వు

2023 వేసవి. మద్రాసు శివార్లలో మనలి దగ్గర మూతపడిన ఒక గోడౌన్‌ను భోజనాల హాలుగా మార్చి, ఓటీటీ కోసం ఒక తెలుగు సీరియల్ తీస్తున్నారు. దానికి నేను మేకప్‌మ్యాన్‌ని. అప్పటికే నలభై ఏళ్ళ పైనుంచి మద్రాసులో ముఖాలకు రంగు వేస్తున్నాను. రాజుల్ని చేశాను, దేవుళ్ళని చేశాను, శవాల్ని లెక్కలేనంతమందిని చేశాను. ఇప్పుడు చెప్పబోయేది ఒక శవం సంగతి.

కథేమిటో ముందు చెప్పాలి. పరంధామం అని ఒక వంటవాడు. చావు భోజనాలకు వండడం అతని పని. ఎదుటివాణ్ణి పీడించే మనిషి ఎవడైనా కంటబడితే రసంలో ఏదో కలిపి పైకి పంపించేస్తాడు. ఆ తరవాత ఆ చచ్చినవాడి పెద్ద దినానికి తనే వెళ్ళి వండుతాడు. పప్పులో ఉప్పు చూస్తూ కళ్ళు తుడుచుకుంటాడు. చూసేవాళ్ళు నవ్వాలి, అతని మీద జాలి కూడా పడాలి. కథ చదివి వినిపించినప్పుడు నేనూ నవ్వాను, అబద్ధమెందుకు? ఆ వేషం వేసింది రఘుపతి. నెల్లూరు నాటకాల్లోంచి వచ్చిన మెత్తని మనిషి. ప్రతి హత్యా తీశాక, చచ్చిన ఆర్టిస్టు దగ్గరికెళ్ళి "ఏమనుకోవద్దన్నా" అనేవాడు.

శవం మేకప్ అంటే ముఖానికి తెల్లపౌడరు కొట్టడమని బయటివాళ్ళు అనుకుంటారు. అది కాదు. మనిషి రంగుకు ఒక షేడ్ తగ్గించి బేస్ వేయాలి. బేస్ అంటే అడుగున వేసే మొదటి పూత. పెదవుల చుట్టూ, గోళ్ళ మొదట్లో కాస్త బూడిద నీలం తగలాలి. చెవులు మరిచిపోకూడదు. ముఖం చచ్చి చెవులు బతికుంటే కెమెరా పట్టేస్తుంది.

మా లైన్లో ఇంకో పద్ధతుంది. శవంగా పడుకున్న ఆర్టిస్టును సీను అవగానే లేపి, అదే కెమెరాలోకి చూసి నవ్వమంటారు. ఆ నవ్వును తీస్తారు, కాని ఎక్కడా వాడరు. చావు నటనలోనే ఆగిపోవాలి, మనిషి ఇంటికి పోవాలి. దానికోసం ఆ నవ్వు. పెద్ద హీరో అయినా, గుంపులో పడుకున్నవాడైనా అది తీసుకోకుండా కదలడు.

పరంధామం చేతిలో చచ్చేవాళ్ళలో ఒకడు, అద్దెకున్నవాళ్ళకు నీళ్ళు ఆపేసే హౌస్ ఓనరు. ఆ వేషం దొరస్వామికి వచ్చింది. రాయపురం మనిషి. వయసులో ఉన్నప్పుడు హార్బరులో చేపల వేలం పాడేవాడు. తరవాత సినిమాల్లో గుంపులో నిలబడ్డాడు. "నా ముఖం ఎవురికీ తెలీదన్నా, పాదాలు మాత్రం చానా సినిమాల్లో ఫేమస్" అని తన మీద తనే జోకు వేసుకునేవాడు. ఎప్పుడూ గుడ్డ కప్పిన శవమే మరి. ముఖం కనపడి, మాటలున్న వేషం ఇదే మొదటిది. వీధంతా చెప్పుకున్నాడు.

చావు సీను బాగా వచ్చింది. డైరెక్టరు శ్రీకర్ కట్ చెప్పాడు. దొరస్వామి లేచి కూర్చుని కెమెరాలోకి చూశాడు.

"ఏందిరా అందరూ అట్ట చూస్తాండారు? నేనేమన్నా నిజంగా పోయినానా? కాఫీ యాడ?"

అని పగలబడి నవ్వాడు. పై పన్ను ఒకటి లేదు, ఆ సందులోంచి వచ్చిన నవ్వు. లైట్లు పట్టుకున్నవాళ్ళ దగ్గర్నుంచి అందరూ నవ్వారు.

కొన్నాళ్ళకు ప్యాచ్‌వర్క్‌కు రమ్మన్నారు. ఎడిటింగులో అతుకు చాలనప్పుడు మళ్ళీ పిలిచి తీసే చిన్న షాట్లవి. దొరస్వామి నా కుర్చీలో కూర్చున్నాడు, మెడకు తువ్వాలు చుట్టి బేస్ వేస్తున్నాను. శ్రీకర్ హుషారుగా వచ్చాడు. విజయవాడ కుర్రాడు, కంప్యూటర్ ఉద్యోగం వదిలి ఈ పనిలోకి వచ్చాడు. మంచివాడే.

"బాబాయ్, మీ నవ్వు అదిరిపోయింది. చివరి ఎపిసోడ్‌లో పెడుతున్నా. పరంధామం మీ దినం భోజనాలు వడ్డిస్తుంటాడు. పంక్తిలో మీరే కూర్చుని అతని కళ్ళకు కనపడతారు. ఆకు ముందు కూర్చునేది ఇవాళ తీసేద్దాం. నవ్వు ఆల్రెడీ ఉందిగా, అతికించేస్తా."

"ఏ నవ్వు సార్?"

"అదే, లేచి కాఫీ ఏదన్నారుగా!"

నా వేళ్ళకింద అతని దవడ బిగుసుకుంది.

"అది మీది గాదు సార్."

"అదేంటి?"

"చచ్చింది మీ హౌస్ ఓనరు. నవ్వింది నేను."

శ్రీకర్ నవ్వేశాడు. "బాబాయ్, కెమెరాలో పడిందంతా కథకే. ఇదంతా సెంటిమెంటు."

"మా అన్న గూడా ఇట్టనే సార్. ఒక సినిమాలో పాడె మీద పడుకున్నాడు, పొద్దు పోయిందని నవ్వు తియ్యకుండానే పంపించేసినారు. నెల తిరక్కుండా నిజం పాడె ఎక్కినాడు."

నాకు ఊరుకోవడం చేతకాదు. "మీ అన్న సారాయితో పోయినాడు దొరా. ఆస్పత్రిలో నేనూ ఉండాను గదా."

"తెలుసన్నా. నాకు తెలీదా? తెలిసినా మనసు ఒప్పుకోవద్దా? ఆ నవ్వుతోనే నేను లేచినాను. దాన్ని తీసుకపోయి కథలో పెడితే, లేచింది గూడా ఆ చచ్చినోడే అయిపోతాడు. నేనింకా పడుకునే ఉండాననేగదా!"

శ్రీకర్ తల అడ్డంగా ఊపాడు.

"మళ్ళీ తీసినా అలాంటి నవ్వు రాదు బాబాయ్. అది యాక్టింగ్ కాదు, అందుకే అంత బాగుంది."

"నేను చెప్పేదీ అదే సార్."

"ఆ షాట్ లేకపోతే చివర్లో మీరు ఉండరు. అప్పుడు ముందున్న సీన్లూ చాలావరకు కోసెయ్యాలి. ఆలోచించుకోండి."

అతను బెదిరించలేదు, ఉన్నమాటే చెప్పాడు. అందుకే ఇంకా కష్టమైంది. దొరస్వామి అద్దంలో తన ముఖం చూసుకున్నాడు. సగం బతికుంది, సగానికి బేస్ పడింది. ఇన్నేళ్ళకు దొరికిన వేషం. మెల్లగా మెడమీది తువ్వాలు విప్పి నా చేతికిచ్చాడు.

"తుడిచెయ్యన్నా. వీధిలోవాళ్ళకు ఏదోటి చెప్పుకుంటాలే."

గరిటె పట్టుకుని షాట్‌కు సిద్ధమైన రఘుపతి వాకిట్లో నిలబడి అంతా విన్నాడు.

"సార్, ఇప్పటికి ఆరుమందిని చంపినాను. ఎంత మంచోడివయ్యా అని జనం నన్ను మెచ్చుకునేట్టు రాసినారు, సంతోషం. ఒక్కడన్నా బతికి ఇంటికి పోతే నాకూ నిద్ర పడతాది."

శ్రీకర్‌కు నవ్వాగలేదు. నవ్వి, కుర్చీ లాక్కుని దొరస్వామి పక్కన కూర్చున్నాడు.

"సరే, కొత్తగా తీద్దాం. బాగా రాకపోతే?"

"రాకపోతే నన్ను తీసేయండి సార్. నా నవ్వు జోలికి మాత్రం పోవద్దు."

మిగతా సగానికీ బేస్ వేసి పంపాను, పంక్తిలో ఆకు వేశారు. దొరస్వామి కూర్చుని నన్నడిగాడు: "అన్నా, చచ్చినోడు ఎట్ట నవ్వుతాడు?"

"నేను రంగు పూసేదాకే, దొరా. ఆపైన నాకేం తెలుసు?"

రఘుపతి ఆకులో అన్నం వడ్డించాడు. దొరస్వామి నవ్వడానికే తలెత్తాడు. వడ్డించిన చేతిని చూశాడు. తనకు రసం పోసిన చెయ్యి అది. పెదవులు నవ్వు దాకా వచ్చి ఆగిపోయాయి. తల దించి, ఆకును తన వైపు లాక్కుని, గబగబా తినడం మొదలుపెట్టాడు. మళ్ళీ ఎవరైనా లాక్కుపోతారేమో అన్నట్టు తిన్నాడు. రఘుపతి గరిటె గాల్లోనే ఉండిపోయింది. కట్ చెప్పడం కూడా ఆలస్యమైంది.

"ఇది కామెడీ కాదే" అన్నాడు శ్రీకర్ చివరికి. కాని రెండోసారి తీస్తానని అనలేదు.

ఆ వెంటనే దొరస్వామి కెమెరా ముందుకొచ్చాడు. శ్రీకర్ మర్యాదకొద్దీ, "కెమెరా ఆపేస్తాం బాబాయ్, మీరు నవ్వుకోండి" అన్నాడు.

"ఆపొద్దు సార్! నన్ను చంపింది అదే గదా. బతికుండానని దానికే చూపించాల."

నవ్వాడు. పాత నవ్వు కూడా కంప్యూటర్లోంచి తీసేశానని శ్రీకర్ స్క్రీను చూపించాడు. "నువ్వు చదివినోడివి, చూడన్నా" అన్నాడు దొరస్వామి. నేను నేర్చింది తెలుగు అక్షరాలు, అదీ యాభై దాటాక. అక్కడున్నదంతా ఇంగ్లీషు. ఆ కుర్రాడి మాట నమ్మడం తప్ప మాకు వేరే దారి లేదు.

సీరియల్ వచ్చింది. పెరంబూరులో మా ఇంట్లో కూర్చుని చూశాం. హౌస్ ఓనరు నీళ్ళాపే సీనులో మా ఆవిడ "ఇట్టాంటోణ్ణి వదలొద్దు పరంధామం, పోసెయ్ రసం" అని రెచ్చిపోయింది. మా ఓనరు కూడా ఒకప్పుడు నీళ్ళాపేవాడు లెండి. చివరి ఎపిసోడ్‌లో పంక్తి వచ్చింది. పాత నవ్వు లేదు. దొరస్వామి తల దించుకుని తింటున్నాడు. ఆవిడ ముందుకు వంగి చూసింది. "ఈయనకీ ఆకలి ఉండాది గదా" అంది. ఆ తరవాత పరంధామం కళ్ళు తుడుచుకుంటే ఆవిడ కళ్ళు తడవలేదు.

చంపేవాడి పక్కన కెమెరా అన్ని గంటలు కూర్చుంటే వాడు మనకు చుట్టమైపోతాడు. అది తప్పని నేననను, మా వ్యాపారమే అది. చచ్చేవాడికి దొరికేది ఒక సీను. వాడికీ ఒక ఇల్లుందని గుర్తుకు రావడానికి అంతలో తీరిక ఉండదు. చూసేవాళ్ళకే కాదు, పక్కనే నిలబడి రంగు పూసే నాకూ ఉండేది కాదు. మేకప్ వేయడమే నా పని, తుడుచుకోవడం వాళ్ళ పని అనుకునేవాణ్ణి. అందరూ చేసేది అదే.

ఇప్పుడు శవం వేషం వేసినవాళ్ళకు నేనే తుడుస్తాను. చెవులూ, గోళ్ళూ కూడా. సెట్లో అందరూ ఆర్టిస్టును వేషం పేరుతోనే పిలుస్తారు, "హౌస్ ఓనర్, రండి", "ఎస్ఐ గారూ, కూర్చోండి" అని. నేను తుడవడం అయ్యాక సొంత పేరు పెట్టి పిలుస్తాను. ఆ మనిషి పలికాకే నా పెట్టె మూస్తాను.