తలుపు మూసి నేసిన కైలీలు

మా వీధిలో మగ్గం చప్పుడు వింటే చాలు, ఎవరు నేస్తున్నారో చెప్పేయవచ్చు. ఇదేమంత గొప్ప విద్య కాదు. పుట్టినప్పటి నుంచి చెవిన పడుతూ ఉంటే వీధి కుక్కకైనా తెలిసిపోతుంది. మా నాయన దెబ్బ బరువుగా, నిదానంగా పడేది. మూలింటాయన పది దెబ్బలు వేసి ఆగేవాడు, అంటే బీడీ వెలిగించాడన్న మాట. మా ఎదురింట్లో మాత్రం ఒక ఏడాది ఉన్నట్టుండి చప్పుడు మారింది. అంతకు ముందు ఇంటి గోడలు అదిరేలా పడే దెబ్బ తేలికగా, గబగబా పడడం మొదలైంది. పైగా వీధి తలుపుకు లోపల గడియ పడ్డాకే మగ్గం ఆడేది.

వేలూరు దగ్గర గుడియాత్తంలో మాది కైలీలు నేసే వీధి. లుంగీ అంటే మావాళ్ళు నవ్వుతారు, మాకది కైలీనే. ఆ ఏడాది ఎదురింటి మామకు షుగరు ముదిరి రెండు కాళ్ళూ మొద్దుబారాయి. మగ్గం గుంతలో కూర్చుని కాలి కింద చెక్కలు తొక్కాలంటే ఆయన వల్ల కాలేదు. అయినా వారం వారం నేసిన కైలీలు చంకన పెట్టుకుని, గోడ పట్టుకుంటూ, నేతవాళ్ళ సొసైటీకి తనే పోయి ఇచ్చి వచ్చేవాడు. ఎవరు నేశారని ఎవరూ అడగలేదు.

మా వీధిలో ఆడవాళ్ళు గుంతలోకి దిగేవారు కాదు. దిగకూడదని ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు, నేనైతే ఒకర్ని కూడా చూడలేదు. కండెలు చుట్టేది, పోగులు అతికేది, పడుగుకు గంజి పెట్టేది అంతా ఆడవాళ్ళే. కాకపోతే దాన్ని పని అనరు. గుంతలో కూర్చున్నవాడు చేసేదే పని, మిగిలిందంతా ఇంట్లో ఉండడం.

ఆ రోజుల్లోనే నేతవాళ్ళ లెక్క రాయడానికి సర్కారువాళ్ళు మనుషులు కావాలన్నారు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని నన్ను తీసుకున్నారు. మాకు ఇంట్లో తెలుగు, కాగితం మీద తమిళం. తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నవి. లెక్క పుస్తకం పట్టుకుని, మెడలో బిళ్ళ వేసుకుని, పెద్ద ఆఫీసరమ్మలాగా ఇంటింటికీ తిరిగాను. ఎదురింటికి పోయేసరికి మామ కుర్చీలో ఉన్నాడు, అత్త గోడ పక్కన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వరసకు అత్తే గానీ, చిన్నప్పుడు నాకు తలదువ్వి జడ వేసింది ఆమే.

"అత్తా, నీ పనేమని రాయమంటావు?" అన్నాను.

"నాకేం పని పాపా? సుమ్మా, ఊరికే ఇంట్లోనే కదా ఉండేది," అంది. రాట్నం ఆగలేదు.

మామ నా వైపు చూశాడు. నేను 'పని లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసేశాను. ముందు రోజు మధ్యాహ్నం కూడా ఆ తేలికపాటి దెబ్బ నేను మా గడపలో కూర్చుని విన్నాను. తెలిసే రాశాను. రాసి, వాళ్ళిచ్చిన కాఫీ తాగి, పక్కింటికి పోయాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నేను ఆడవాళ్ళ సంఘంలో చేరాను. చుట్టుపక్కల వీధులు, ఊళ్ళు తిరిగి, మగ్గం పని చేసే ఆడవాళ్ళ పేర్లు నేతవాళ్ళ జాబితాలోకి ఎక్కించడం మా పని. 'నువ్వు చేసేది పనే, నోరు తెరిచి చెప్పు' అని ఎంతమందికి చెప్పానో! కొందరు వినేవాళ్ళు, కొందరు 'దీనికి వేరే పని లేదు' అని నవ్వేవాళ్ళు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను మాత్రం మా ఎదురిల్లు దాటుకుని నేరుగా రచ్చకే పోయాను. ఒక్కసారి కూడా ఆ గడప తొక్కి, 'అత్తా, ఆ రాసింది మారుస్తాను' అనలేదు. మామ ఉన్నాడు కదా, ఆయన మనసు నొచ్చుకుంటుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, రాసింది నేనేనని గుర్తు చేయడం నాకే ఇష్టం లేదు.

నిరుడు మామ పోయాడు. కర్మ అయిన కొన్నాళ్ళకు అత్త మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే మాట మొదలుపెట్టింది.

"పాపా, సొసైటీలో ఇంక నూలు ఈరంట. నేత కార్డు మామ పేరున ఉండాది కదా. మగ్గం మీదుండే పడుగే ఆఖరుది. అది అయిపోతే గుంత పూడ్చేసి, సిమెంటు ఏసి, అద్దెకిస్తానంటాడు మా మరిది. నాకొక కార్డు ఇప్పించు."

మరిది చెడ్డవాడు కాదు. అద్దె వస్తే వదిన కూర్చుని తింటుంది కదా అని ఆయన అనుకున్నాడు. అత్త మాత్రం ఆఖరి పడుగు ఎక్కడ అయిపోతుందోనని రోజుకు జానెడే నేస్తోంది. అదీ తలుపు మూసుకునే. పైన పెంకుల మధ్య అద్దం పెంకు ఒకటి ఉంది, ఆ వెలుతురులో.

అర్జీ రాసి వేలూరు ఆఫీసుకు తీసుకుపోయాను. ఆఫీసరు చిన్నవాడు, మర్యాదస్తుడు. పాత లెక్క తెప్పించి, పేజీ నా వైపు తిప్పి, తమిళంలో అడిగాడు. "ఇక్కడ పని లేదని ఉంది. ఏ పనీ లేని మనిషి ఇప్పుడు నేతగత్తె ఎలా అయిందమ్మా?"

నా చేతిరాత నాకు తెలియదా! గుండ్రంగా, ముచ్చటగా, ఎక్కడా కొట్టివేత లేకుండా ఉంది. ఎవరు రాశారో ఏమో అన్నాడు ఆయన. "ఎవరో తెలియక రాసుంటారు సార్," అన్నాను నేను. ఊరంతా తిరిగి నోరు తెరవమని చెప్పేదాన్ని, నా నోరు అక్కడ అలా తెరుచుకుంది.

ఆయన బుధవారం తనే వచ్చి చూస్తానన్నాడు. తన కళ్ళ ముందు నేస్తే జాబితా మారుస్తాడు, లేకపోతే అర్జీ మూసేస్తాడు. తిరుగు బస్సులో విరించిపురం గుడి దాటుతుంటే చేతులు జోడించాను గానీ, మొక్కుకోవడానికి మొహం చెల్లలేదు. రాసింది దేవుడు కాదు కదా, నేను.

అత్తకు సంగతి చెబితే, "నేస్తాను, దానికేముండాది?" అంది. పాత లెక్క రాసింది నేనేనని ఆమెకు చెప్పలేదు.

బుధవారం పొద్దున ఆఫీసరు వేలూరు పక్కనుండే తొరపాడి నుంచి బండి మీద వచ్చాడు. సొసైటీలో బట్ట చూసి తీసుకునే పెద్దాయన్ను కూడా పిలిపించాడు. మరిది వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గడపలో, అరుగు మీద, కిటికీ దగ్గర వీధి వీధంతా చేరింది. అత్త చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుంతలోకి దిగింది.

అడ్డపోగు లాగే నాడె విసిరింది. అది పడుగు దాటి జారి కింద పడింది. తీసి మళ్ళీ విసిరితే పోగు తెగింది. తెగిన పోగు అతకడం అంటే ఆమెకు కళ్ళు మూసుకుని చేసే పని, ఆ పూట మాత్రం ముడి పడడానికి మూడుసార్లు పట్టింది. అరచేతులు చీరకు తుడుచుకుంటోంది. మూడోసారి నాడె సగంలోనే ఆగిపోయింది. అది చూస్తూ నిలబడడం నా వల్ల కాలేదు. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"వదినా, లేయి. పరవాలేదు, నేను చూసుకుంటాను కదా," అన్నాడు మరిది మెల్లగా. ఆ మాటలో ప్రేమే ఉంది, అయినా నాకు ఆ గుంతలో మట్టి పోస్తున్నట్టే వినిపించింది.

అత్త తలెత్తి నన్ను చూసింది. "పాపా, ఆ తలుపు మూసెయ్యి."

"తలుపు మూస్తే నేనెట్ల చూసేదమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"మీరు చూస్తే రాదు సామీ. నేను నేసేది ఇన్నాళ్ళూ ఎవురూ చూళ్ళేదు."

అప్పుడు నాకు తిక్క లేచింది. ఆయన మీద కాదు, నా మీదే. "సార్, ఈ వీధిలో నేత ఎవరూ చూడరు, వింటారు. మీరూ బయట కూర్చుని వినండి," అన్నాను. ఆయన ముఖం చూస్తే మేమేదో ఎగతాళి చేస్తున్నామనుకున్నట్టే ఉంది. ఈలోగా బట్ట చూసే పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి అరుగు దులిపి, తను ఒక పక్క కూర్చుని, రెండో పక్క ఆఫీసరుకు చూపించాడు.

ఆఫీసరు తెలివైనవాడు. మగ్గం మీద నేత ఆగిన చోట అంచున పెన్నుతో ఒక గీత గీశాడు. ఇల్లంతా తిరిగి ఎవరూ లేరని చూసుకుని, పెరటి తలుపుకు బయటి నుంచి తనే గొళ్ళెం పెట్టి, చుట్టు తిరిగి వచ్చాడు. మరిదిని, నన్ను లెక్కపెట్టినట్టు చూసి అప్పుడు కూర్చున్నాడు. వీధి తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది.

చాలాసేపు చప్పుడే లేదు. అంతమంది ఉన్న వీధిలో ఎవరో బిందె దించిన చప్పుడు కూడా వినిపించింది. నేను చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాను. తర్వాత ఒక దెబ్బ పడింది. కాసేపాగి ఇంకొకటి. ఆ తర్వాత ఇంక ఆగలేదు. తేలికగా, గబగబా, ఏడేళ్ళుగా ప్రతి మధ్యాహ్నం మా గడపలో నేను విన్న దెబ్బే అది.

"మా అన్న దెబ్బ ఇట్లుండదు," అన్నాడు మరిది, తనలో తాను అనుకున్నట్టు. అన్నాక అందరూ తననే చూస్తున్నారని తెలిసి తల దించుకున్నాడు.

బట్ట చూసే పెద్దాయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. "ఇదే చెయ్యి సార్," అన్నాడు. "ఏడేండ్లుగా నేను తీసుకొంటా ఉండేది ఈయమ్మ బట్టే. ఆయన అంచు బిగించి లాగేవాడు. ఈయమ్మ కొంచెం వదిలి పడతాది. చేత్తో పట్టుకొంటే తెలిసిపోతాది."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఎవురూ అడగలేదు సార్. కాళ్ళు రాకపోయినా గోడ పట్టుకొని వచ్చి, నేనే నేసినాననే మాదిరి బట్ట పెట్టేవాడు. ఆయన ముందర ఎట్ల చెప్పేది?"

పావుగంట తర్వాత ఆఫీసరు తలుపు కొట్టాడు. అత్త లేచి వచ్చి గడియ తీసింది. నుదుటి మీద చెమట, ముఖంలో మాత్రం బెరుకు లేదు. పెన్ను గీతకు ఇవతల జానెడుకు పైగా కొత్త బట్ట ఉంది. ఆయన వంగి, వేళ్ళతో కొలిచి, అంచు పట్టుకుని పెద్దాయన చెప్పినట్టు కాసేపు తడిమాడు. తర్వాత అరుగు మీద కూర్చుని, పాత లెక్కలో 'పని లేదు' అన్న మాట కొట్టేసి, దాని పక్కన 'నేత' అని రాసి సంతకం పెట్టాడు.

బతుకు జీవుడా అనుకున్నాను. అరుగు మీద కూలబడ్డాను. నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. మూలింటాయన భార్య నీళ్ళ చెంబు ఇచ్చి, "కార్డు నీకా, ఆమెకా?" అంది. అందరూ నవ్వారు. మరిది మాత్రం లోపలికి పోయి, కిందపడ్డప్పుడు నాడె మొన ఏమైనా విరిగిందేమోనని తిప్పి తిప్పి చూసి, మళ్ళీ మగ్గం మీద పెట్టాడు. గుంత మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

కార్డు నెలలోపే వచ్చింది. వేలూరు నుంచి నేనే తెచ్చి ఇచ్చాను. అత్త దాన్ని వెలుతురుకు పట్టి, తన ఫొటో చూసుకుని, "ముసిల్దాని మాదిరి ఉండానే!" అంది. నేను పక్కన కూర్చుని, ఇంక దాచలేక చెప్పేశాను. ఆ రోజు పని లేదని రాసింది నేనేనని, ఆఫీసులో ఎవరో రాశారని అబద్ధమాడానని కూడా చెప్పాను.

"తెలుసు పాపా," అంది. "నా ముందరే కదా రాసినావు."

"నీకు చదవడం రాదు కదత్తా?"

"అక్షరం రాదు. నీ మొకం తెలుసు. రాసేటప్పుడు మామ మొకం చూసినావు, నా మొకం చూళ్ళేదు."

ఆమే మళ్ళీ అంది. "ఆ పొద్దు నువ్వు నేత అని రాసింటే ఆ మనిషి సొసైటీకి పోయేవాడు కాదు, వీధిలో తలెత్తేవాడు కాదు. నేను లేదని చెప్పినాను, నువ్వు లేదని రాసినావు. సరిపాయె, లేయి. నాకు పనుండాది."

ఏడేళ్ళుగా నేను మోస్తున్నది అంత తేలికగా దిగిపోతుందని అనుకోలేదు. పైగా ఆమె చివరి మాట నా చెవిలోనే ఉండిపోయింది.

కొత్త నూలుతో వేసిన పడుగు మగ్గం మీద ఉంది. ఆమె కుచ్చిళ్ళు ఎగదోపుకుని గుంతలోకి దిగింది. నేను బయటికి వస్తూ, అలవాటుగా తలుపు రెక్క దగ్గరికి లాగబోయాను.

"మూయొద్దు పాపా. ఉండనీ," అంది లోపలి నుంచి.

రెక్క వదిలేసి, వీధి దాటి మా గడపలో కూర్చున్నాను. ఏడేళ్ళు విన్నదాన్ని ఆ రోజు మొదటిసారి కూర్చుని చూశాను.