ముక్కు మూసుకుని పెంచిన జీవి

మా పక్కింటి లెక్కల టీచరు గారు పోయారు. ఆ కబురు నేను గుడివాడ బస్టాండులో ఉండగా ఫోనులో తెలిసింది. చెప్పింది మావారు. పొద్దున చర్చికి తయారవుతూ కుర్చీలో కూలబడిపోయారట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందట. నేనింకా నమ్మలేక నిలబడి ఉండగానే, "ఆ బల్లిని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియట్లేదు. గది తలుపు తీస్తే ఒకటే కంపు. నువ్వు త్వరగా వచ్చెయ్" అన్నారు. బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే ఆ గది వాసన గుర్తొచ్చి ముక్కు మూసుకున్నాను. ఆవిడ గురించి రాయాలంటే ఈ రెండిటినీ నేను విడదీయలేను.

టీచరు గారు ఇక్కడే ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. కింది వాటాలో తనుండి, పై వాటా అద్దెకిచ్చేవారు. ఆవిడ శుభ్రమంటే వీధిలో అందరికీ హడల్. మనకి మంచినీళ్లిచ్చిన గ్లాసు మన ఎదురుగానే మళ్లీ తోమేవారు. వంటింటి గోడ మీద చిన్న బల్లి కనిపిస్తే స్టవ్ ఆపేసి మా గుమ్మంలోకొచ్చి, "అమ్మాయ్, మీ ఆయన్ని ఓసారి పంపవూ" అనేవారు.

అలాంటి మనిషి కొన్నేళ్ల పాటు ఇంట్లో ఇగ్వానాని, అంటే ఉడుమంత పెరిగే విదేశీ బల్లిని, పెంచారు. ఆవిడ గొప్ప జంతుప్రేమికురాలని ఇప్పుడందరూ అంటున్నారు. సమాధి దగ్గర పాస్టరు గారు కూడా అదే అన్నారు. కాదండీ. ఆవిడకి అదంటే పరమ అసహ్యం. చివరిదాకా అసహ్యమే. ఆ సంగతి చెప్పకపోతే ఆవిడ చేసిన పనికి అన్యాయం చేసినట్టే.

పై వాటాలో అద్దెకున్న కుర్రాడు దాన్ని అరచేతిలో పట్టేంత పచ్చటి పిల్లగా ఉన్నప్పుడు కొని తెచ్చాడు. భుజం మీద ఎక్కించుకుని మంగినపూడి బీచ్‌లో వీడియోలు తీసుకునేవాడు. అది పెరిగింది. పచ్చదనం పోయి బూడిద రంగుకి తిరిగింది, గొంతు కింద తోలు వేలాడింది, వీపు మీద ముళ్లు లేచాయి. ఇక ముద్దు రాలేదు కాబోలు. ఉద్యోగం మారిందని చెప్పి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. తర్వాత పైనుంచి వాసన మొదలైంది. ఎలుక చచ్చిందనుకున్నాం.

టీచరు గారూ నేనూ వెళ్లి బాత్రూం తలుపు తీశాం. కుళ్లి నీరు కారుతున్న దోసకాయ ముక్కలు, బూజు పట్టిన బ్రెడ్డు, గోడలకి ఎండిపోయిన రెట్ట. మధ్యలో అది. కింది దవడ వాచి ఒక పక్కకి జారింది. కాళ్లు మోయలేక పొట్ట నేలకానించి పడి ఉంది. కళ్లు మాత్రం తిప్పింది. నేను మెట్ల మీదకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. వెనక్కి వచ్చేసరికి ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆ కుర్రాడికి ఫోన్ చేస్తున్నారు.

"బాబూ, నీ జంతువుని మర్చిపోయావు."

"అయ్యో, మీకు ఇబ్బందైతే బయట సరుగుడు తోటల్లో వదిలేయండి మేడం. అదే బతుకుతుంది."

"బతకదు. నిలబడలేకపోతోంది."

"అయితే ఏం చేస్తాం మేడం, దాని టైం అంతే."

ఆవిడ ఫోను పెట్టేసి కిందికి వెళ్లి, ఆ ఫోను పట్టుకున్న చేతిని సబ్బుతో మోచేతి దాకా కడుక్కున్నారు. తర్వాత పైకొచ్చి, ఇంట్లో ఉన్న పాత దుప్పటి వేసి దాన్ని పట్టుకున్నారు. పట్టుకుంటున్నంతసేపూ "ఛీ, ఛీ" అంటూనే ఉన్నారు.

పశువుల ఆసుపత్రి డాక్టరు గారు గేదెల్ని చూసే మనిషి. అయినా చదువుకునేటప్పటి స్నేహితుణ్ణెవరినో ఫోనులో అడిగి చెప్పారు. తిండి సరిగా లేక, ఎండ తగలక ఎముకలు మెత్తబడ్డాయన్నారు. దవడ పూర్తిగా మామూలవదు గానీ బతకొచ్చన్నారు. ఆ రోజు నుంచి టీచరు గారి పొద్దు మారిపోయింది. దొడ్లో మందారాకులు, మునగాకు కోసి, కడిగి, సన్నగా తరిగి, కాల్షియం పొడి చల్లేవారు. మొదట్లో అది నమల్లేకపోతే మెత్తగా నూరి, సూది తీసేసిన సిరంజితో నోట్లో పెట్టేవారు. పెట్టిన ప్రతిసారీ ఆవిడ మొహం చేదు మాత్ర మింగినట్టు ఉండేది. హైదరాబాదు నుంచి ఎండలా వేడినిచ్చే ప్రత్యేకమైన బల్బు తెప్పించి, ముందు గదిలో దానికి కట్టించిన గూట్లో పెట్టారు. నీళ్ల టబ్బులో కూర్చోబెడితే అది అందులోనే దొడ్డికి వెళ్లేది. ఆ టబ్బు కడగడం చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని. ఆవిడకి తిప్పుకునే వీలు లేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "టీచర్ గారూ, మీకు అసహ్యం వెయ్యట్లేదా?"

"ఎందుకు వెయ్యదమ్మా? పొద్దున్నే దాని మొహం చూస్తే నాకు కాఫీ సహించట్లేదు."

"మరి?"

"నాకు అసహ్యమేస్తే అది నా బాధ. దానికి ఆకలేస్తే దాని బాధ. నా బాధకి దాన్ని మాడ్చడం ఏం లెక్క?"

రోజూ ప్రార్థనలో దాని గురించి ఏమడుగుతారని ఇంకోసారి అడిగాను. "నాకు వాంతి రాకుండా చూడమని" అన్నారు, నవ్వకుండానే.

దానికి పేరు పెట్టలేదు. ముద్దు చెయ్యలేదు. అదీ ఆవిడని ఇష్టపడ్డట్టు నాకెప్పుడూ కనిపించలేదు. కాస్త బలం రాగానే తోకతో కొట్టింది కూడా. ముంజేతి మీద ఎర్రగా వాత తేలింది. "పర్వాలేదు, కోలుకుంటోంది" అన్నారు ఆవిడ, దూది అద్దుకుంటూ.

దాని సంగతి ఎలా పాకిందో, ఒకరోజు దివిసీమ వైపు నుంచి ఒకాయన బండి మీద వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. "ఉడుముందటగా అండీ. నడుం నొప్పికి దాని మాంసం మంచిదండి. మాకిచ్చెయ్యండి, మీకూ పీడా పోద్ది" అన్నాడు. మాట్లాడుతూ పెదాలు తడుపుకున్నాడు. ఆ నాలుక కదలిక నాకిప్పటికీ గుర్తుంది. టీచరు గారు గేటు గడియ వేసి, "నడుం నొప్పికి డాక్టరున్నాడు, వెళ్లండి" అన్నారు. లోపలికొచ్చి నాతో, "ఈయన్ని చూస్తే కలిగే రోత కంటే ఇంట్లో ఉన్నదాన్ని చూస్తే కలిగేదే నయం" అన్నారు.

ఆవిడని అసలు చూసింది తుఫానొచ్చినప్పుడే. వీధిలో కరెంటు లేదు, చలిగాలి, ఆగని వాన. బల్బు ఆరిపోయి ఆ జీవి చల్లబడి, కట్టెలా బిగుసుకుపోయింది. పోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇక ఆవిడకి విశ్రాంతి అని కూడా అనుకున్నాను. ఆవిడ దాని ఛాతీ మీద వేలు పెట్టి కాసేపు చూసి, "నీళ్లు కాచి పట్రా అమ్మాయ్" అన్నారు. నేను మా గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి తెస్తుంటే, ఆవిడ వాటికి తువ్వాళ్లు చుట్టి, దాన్ని దుప్పట్లో పెట్టి ఒళ్లో పడుకోబెట్టుకున్నారు. ఒంటికి వెచ్చదనం ఎక్కాక అది మొదట చేసిన పని ఆవిడ చీర మీదే దొడ్డికి వెళ్లడం. "ఏసయ్యా!" అని ఒక్క అరుపు. దాన్ని కుర్చీలో పెట్టి, స్నానం చేసి, చీర మార్చుకుని వచ్చి, మళ్లీ ఒళ్లోకి తీసుకున్నారు. మొహం అటు తిప్పుకుని, ఒక చెయ్యి మాత్రం దాని వీపు మీద ఆనించి కూర్చున్నారు. సాయంత్రానికి అది కళ్లు తెరిచింది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆ ముందు గదిలో కూర్చున్నాం. ఆవిడ అన్నగారి కూతురు గుడివాడ నుంచి వచ్చింది. మంచి పిల్ల, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. "అక్కా, దీన్ని నేను చూడలేను, వాసనకే తల తిరుగుతోంది. హంసలదీవి దగ్గర మడ అడవుల్లో వదిలేద్దామా? అత్త ఏమీ అనుకోదు కదా?" అంది. పక్కనున్న వాళ్లంతా అదే మంచిదన్నారు. అందరూ ముక్కులు మూసుకునే ఉన్నారు.

అది గూట్లో ఒక మూల, వంకర దవడతో, తలుపు వైపు చూస్తోంది. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ పెట్టలేదు.

"వద్దు. మా ఇంట్లో పెట్టుకుంటాను" అన్నాను.

మావారు నా వైపు చూసి, "నువ్వా?" అన్నారు.

"నేనే. నాకూ రోతే. అయినా సరే."

అప్పటి నుంచి అది మా వెనక వరండాలో ఉంటోంది. నేను చేతులకి తొడుగులు వేసుకుని, పటకారుతో ఆకులు అందిస్తాను. టబ్బు కడిగేటప్పుడు నోటితో గాలి పీలుస్తాను. ఆవిడలా ఒట్టి చేత్తో పట్టుకోవడం నాకింకా చాతకాలేదు.

నిన్న పొద్దున గూడు తుడుస్తుంటే అది కుబుసం విడిచి ఉంది. ఒంటి మీద నుంచి తెల్లటి పొరలు చింపిరి గుడ్డల్లా వేలాడుతున్నాయి. కింద కాగితం మీద, ముందు కాలి చర్మం ఒక్కటి చిరగకుండా ఊడి పడి ఉంది. ఐదు వేళ్లూ, గోళ్ల చోటు దాకా, చిన్నపిల్లల చేతి తొడుగులా. నా ఒళ్లు జలదరించింది. చీపురుతో నెట్టేద్దామని వంగినదాన్ని ఎందుకో ఆగి, తొడుగు తీసేసి, దాన్ని అరచేతిలోకి తీసుకున్నాను. బరువే లేదు. వరండాలోకి గాలొచ్చినప్పుడల్లా ఆ వేళ్లు మెల్లగా తెరుచుకుని, మళ్లీ మూసుకుంటున్నాయి.