ఏడో పిల్లకు పెట్టిన కాటుక

మూడంటే మూడు కాటుక డబ్బాలతో కొలువూ పరువూ రెండూ పోగొట్టుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. చూడాలనుకుంటే మొయినాబాద్ వచ్చి అంజమ్మ ఎవరని అడగండి, చూపిస్తారు. చూపించేటప్పుడు నవ్వుతారు కూడా. నవ్వనీయండి. ఆనాటి అంజమ్మను తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది, ఆ వెంటనే రెండు తన్నాలనిపిస్తుంది.

మా ఆయన పోయాక చిల్కూరు దారిలో ఒక ఫాంహౌసులో కాపలా పని దొరికింది. గేటు పక్కనే గది, కరెంటు, నీళ్ళు. పని ఊడితే గది కూడా ఊడుతుంది. గది ఊడితే ముడిమ్యాలలో నా తోటికోడలు సుగుణ ఇంటి వసారాలో పడుకోవాలి. ఆ వసారా కంటే వాళ్ళ బర్రెల కొట్టమే నయం, బర్రెలు దెప్పిపొడవవు కదా.

మేడం పట్నంలో ఉంటుంది, ఆదివారాలు వస్తుంది. ఆమె ప్రాణమంతా రాణి మీదే. రాణి అంటే నల్ల లాబ్రడార్ కుక్క. దానికి జత కోసం ఇంకో నల్ల కుక్కను వెతికి, దాని తాతముత్తాతల కాగితాలు కూడా చూసి తెప్పించింది. రాణి పెళ్ళికొడుకు ఏసీ కారులో దిగాడు. నా పెళ్ళికొడుకు ఇసుక ట్రాక్టరు మీద వచ్చాడు. సరే, ఎవరి రాత వారిది. ఆ వారమంతా మేడం ఒకటే మాట చెప్పింది. “అంజమ్మా, గేటు తెరవకు. బయటి కుక్క లోపలికి వచ్చిందనుకో, నువ్వు బయటికి పోతవ్.”

తెరిచాను.

పాల ప్యాకెట్టు కోసం తెరిచాను. పక్క ఫాంహౌసు వాచ్‌మన్ మల్లేశంతో నాలుగు మాటలు మాట్లాడి వెనక్కి తిరిగేసరికి, మా గేటు బయట ఎప్పుడూ పడుకునే వీధికుక్క వచ్చి రాణి పక్కన చుట్టంలా కూర్చుని ఉంది. నల్ల కుక్కే, కాకపోతే కళ్ళ మీద రెండు గోధుమరంగు చుక్కలు. చీపురు తీసుకుని తరిమాను. ఎవరికీ చెప్పలేదు.

రెండు నెలలకు రాణి ఏడు పిల్లల్ని పెట్టింది. ఆరు బొగ్గు తునకల్లా ఉన్నాయి. ఏడోది ఆడపిల్ల. నల్లటి ముఖం, కళ్ళ మీద రెండు గోధుమరంగు చుక్కలు, బుగ్గల మీద, ఛాతీ మీద అదే రంగు, కాళ్ళకు మేజోళ్ళు తొడిగినట్టు అదే రంగు. గేటు బయటి కుక్కను ఉతికితే కుంచించుకుపోయి అంత అయిందా అన్నట్టుంది.

మల్లేశం గోడ మీంచి తొంగి చూసి తీర్పు చెప్పేశాడు. “గిది గా కుక్క బిడ్డనే అక్కా. నువ్విగ మూట సదురుకో.”

అంతలో మేడం ఫోన్. నా నోరు నాకంటే ముందు పరిగెత్తింది. “ఏడు మేడం. అన్ని నల్లగ నిగనిగ మెరుస్తున్నయి.” చెప్పేశాక ఏం చేస్తాం, ఏడోదాన్ని కూడా నిగనిగలాడించాలి.

కాటుక తెచ్చాను. పొద్దున్నే నేను పూసేదాన్ని, మధ్యాహ్నానికల్లా రాణి నాకేసేది. మళ్ళీ పూస్తే మళ్ళీ నాకేది. తల్లి నాలుకకు నేనేం పోటీ? రెండు రోజులకే ఒక డబ్బా అయిపోయింది. రెండో డబ్బాకు పోయినప్పుడు కిరాణా కొట్టు బాలమణి నన్ను తేరిపార చూసి అడిగింది. “ఎవరికి అంజమ్మా గీ కాటుక?”

పక్క ఫాంహౌసులో చంటిపిల్ల ఉంది, దానికి అన్నాను. నా తెలివి చూడండి. పక్క ఫాంహౌసులో ఉండేది మల్లేశం ఒక్కడే, పెళ్ళాం జన్వాడలో ఉంటుంది. చంటిపిల్ల ఎక్కడినుంచి ఊడిపడుతుంది?

మూడో డబ్బా కొనేసరికి కథ మొయినాబాద్ దాటింది. మొగుడు పోయిన అంజమ్మ కళ్ళకు కాటుక పెట్టుకుంటోందట, అది కూడా గోడ అవతలి మల్లేశం కోసమట. పాపం మల్లేశం ఆనాటి నుంచి గోడ వైపు తల తిప్పితే ఒట్టు.

సుగుణ ఆటో ఎక్కి వచ్చేసింది. వచ్చీ రాగానే మంచినీళ్ళు కూడా తాగకుండా నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది.

“బావ పోయి రెండేండ్లు గాలే. గీ వేళ్ళకు గీ నలుపేందక్కా?”

“గిన్నెలు తోమిన.”

“నీది గ్యాసు పొయ్యి గదా. గ్యాసు గిన్నెలకు మసెట్ల వస్తది?”

పోలీసు కొలువు చేయాల్సిన మనిషి. నిజం చెబితే గది పోతుంది, చెప్పకపోతే పరువు పోతుంది. పరువు ఇంట్లో పడుకోలేం కదా అని గదినే పట్టుకున్నాను. ఇక మా గడప తొక్కకు అనేసి సుగుణ వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు కోపం కాదు, ఇంకేదో వచ్చింది. మా ఆయన పోయిన పదకొండో రోజు నా బొట్టు తుడిచింది, గాజులు పగలగొట్టింది మా ఊరి ఆడవాళ్ళే. ఆ తరువాత ఇన్నాళ్ళలో ఒక్కరూ నా ముఖంలోకి చూసి తిన్నావా అని అడగలేదు. ఇప్పుడు మాత్రం బస్సు ఆపి మరీ నా కళ్ళు చూసిపోతున్నారు.

ఆదివారం మేడం కుక్కల డాక్టరును తీసుకుని వచ్చింది. ఒక్కొక్క పిల్లనూ ఎత్తి చూస్తూ ఆయన ఏడోదాన్ని పట్టుకున్నాడు. అరచెయ్యి నల్లబడింది. దూది తడిపి తుడిస్తే ఒక చుక్క బయటపడింది, తరువాత ఇంకోటి. మేడం నా వైపు తిరిగింది అంతే, ఇంకా నోరైనా తెరవలేదు, నేను ఆమె కాళ్ళ మీద పడ్డాను.

“తప్పయింది మేడం. గేటు నేనే తెరిచిన. గా బయటి కుక్క లోపటికొచ్చింది. గిది దాని బిడ్డనే.”

డాక్టరు గేటు బయట పడుకున్న కుక్కను చూసి, నన్ను చూసి, పగలబడి నవ్వాడు. “దాని చెవి చూసినవా అమ్మా? కొస కోసి ఉన్నది. పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేసి, గట్ల గుర్తు పెట్టి ఇడుస్తరు. అది తండ్రెట్లయితది?”

నేను పనిలో చేరిన నాటి నుంచి ఆ చెవి అంతే. కొట్లాటలో తెగిందనుకున్నాను. నేనూ ఊళ్ళో మనుషుల్లాగే చూశాను, ముఖం చూసి తండ్రిని తేల్చేశాను.

లాబ్రడార్లలో ఎప్పుడో ఒకటి ఇలా పుడుతుందని డాక్టరు చెప్పాడు. కొన్నిటికి ఛాతీ మీద తెల్ల మచ్చ, కొన్నిటికి పులిచారలు, కొన్నిటికి ఇలా కళ్ళ మీద చుక్కలు. తల్లి రక్తంలో, తండ్రి రక్తంలో పైకి కనబడకుండా దాగి ఉంటుందట, రెండూ కలిసినప్పుడు బయటపడుతుందట. ఆ ఏసీ కారు పెళ్ళికొడుక్కు ఇంతకుముందు కూడా ఇలాంటి పిల్ల ఒకటి పుట్టిందట.

నా గుండె మీది బండ దిగింది. రాణి పతివ్రత, నేను నిర్దోషిని. లేచి కొంగు సర్దుకుంటున్నాను. మేడం ఆ నల్ల దూది వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

“మచ్చల సంగతి సరే అంజమ్మా. గేటు తెరిచినవా?”

చూశారా. ఎవరూ అడగలేదు. మల్లేశానికి తప్ప ఎవరికీ తెలియదు. నా అంతట నేనే చేతిలో పెట్టాను.

నెలాఖరుకు గది ఖాళీ చేశాను. చుక్కల పిల్లను ఎవరూ తీసుకోరని మేడం దాన్ని నాకే ఇచ్చి పంపింది. ఇప్పుడు మొయినాబాద్‌లో కిరాయి గది, టిఫిన్ సెంటరులో గిన్నెలు తోమే పని. అక్కడిది కట్టెల పొయ్యి. ఇప్పుడు నా వేళ్ళకు నిజంగానే మసి, అది చూసేవాళ్ళే లేరు.

పరువైనా వెనక్కి తెచ్చుకుందామని ఆ పిల్లను చంకనేసుకుని ముడిమ్యాల పోయాను. ఇదిగో సుగుణా, ఈ చుక్కలకే నేను కాటుక పూసింది అని చూపించాను. సుగుణ కుక్కను చూసింది, నన్ను చూసింది.

“కుక్కకు కాటుక పెట్టినవా? గింతకన్న మంచి అబద్ధం దొరకలేదా అక్కా?”

అందుకే చుక్క నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. దాని పేరు చుక్కే. ఇక ఏ ప్రాణి ముఖం మీది గుర్తునూ దాచను. ఎవరూ అడగని తప్పు చచ్చినా ఒప్పుకోను. ఎప్పుడైనా కాటుక కొంటే నా కళ్ళకే నిండుగా పెట్టుకుని, బాలమణి కొట్టు ముందు నుంచి నడిచిపోతాను. చెడ్డపేరు ముందే వచ్చేసింది, కాటుకే ఇంకా పెట్టుకోలేదు.