పుప్పొడి తక్కువ, దమ్ము ఎక్కువ

గోదావరిఖనిలో ఎవడైనా దగ్గితే అవతలివాడు మొదట అడిగేది "ఏ బాయి?" అనే. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. ఏ బాయిలో పనిచేస్తున్నావో చెబితే చాలు, ఎందుకు దగ్గుతున్నావో వాళ్లే తేల్చేస్తారు. బొగ్గు దుమ్ము. ఇంకో మాట ఉండదు. బాయి మొహం చూడని ఆడవాళ్లు దగ్గినా, మొన్న పుట్టిన పిల్ల తుమ్మినా అదే మాట. పెళ్లికి ముందు నుంచీ బాయిలో దిగినవాణ్ని, నేనూ అదే నమ్మాను.

నా పని భూమి లోపల నీళ్లు తోడే పంపు దగ్గర. బొగ్గు కొట్టే చోటికి దూరంగా, పైనుంచి గాలి దిగివచ్చే దారిలో ఉండేది. గోడలు ఎప్పుడూ చెమ్మగా, చల్లగా ఉండేవి. ఏటా వానలు తగ్గుముఖం పట్టే వేళకు నాకు దమ్ము, అంటే ఆయాసం, మొదలయ్యేది. ఇంట్లో కూర్చుంటే ఛాతీలో ఈల, పడుకుంటే ఈల. బాయిలో దిగితే తగ్గేది. నిజంగానే తగ్గేది! కానీ బొగ్గు బాయిలో ఊపిరాడుతుంది, ఇంట్లో ఆడదు అంటే ఎవడు నమ్ముతాడు? నాకే నమ్మబుద్ధి కాలేదు. కూర్చుని చేసే పని కదా, అందుకే సుఖంగా ఉందేమో అనుకున్నాను.

"ఇగ చాలయ్యా, ఆ బాయి నిన్ను మింగేదాక ఉంటవా?" అని నా భార్య మొత్తుకుంది. తోటివాళ్లు కూడా "సర్ఫేస్ అడుగు కాకా, పానం కంటె ఎక్కువనా?" అన్నారు. సర్ఫేస్ అంటే భూమి మీద పని. దమ్మున్నవాడు పైకి మార్చమని అడగడం మా దగ్గర ఆనవాయితీ. దానికోసం జనం ఎన్ని గడపలు తొక్కుతారో! నేనూ తొక్కాను. దవాఖానలో ఛాతీకి ఫొటో తీశారు, గొట్టంలో ఊదించారు. చివరికి బాయి పనికి పనికిరానని తేల్చి పైకి మార్చారు. ఆ రోజు ఇంట్లో మటన్ వండుకున్నాం. ఏం సంబరం, ఏం సంబరం!

పైన నాకిచ్చిన తేలిక పని ఏమిటంటే, ఖాళీ క్వార్టర్ల చుట్టూ పెరిగిన పిచ్చిమొక్కలు పీకడం. కొన్ని బాయిలు మూతపడి, మనుషులు గోలేటికీ ఇంకెక్కడికో బదిలీ అయిపోయాక ఆ క్వార్టర్లకు తలుపులు కూడా మిగల్లేదు. వాకిళ్లన్నీ నడుమెత్తు వయ్యారిభామ కలుపే. తెల్లటి చిన్న చిన్న పూలు, దూరం నుంచి చూస్తే కొత్తిమీర మడి పూతకొచ్చినట్టే ఉంటుంది. బొగ్గు లారీ పోయినప్పుడల్లా దుమ్ముకు భయపడి మొహం ఇటు తిప్పుకునేవాణ్ని. ఇటు అంటే ఆ పూలలోకి. ఎంత తెలివో చూడండి.

దసరా దాటేసరికి ఒక్క మాట కూడా పూర్తిగా అనలేని స్థితికి వచ్చాను. పెద్దపల్లిలో ఉద్యోగం చేసే మా బిడ్డ వచ్చి నన్ను కరీంనగర్ తీసుకుపోయింది. అక్కడి డాక్టరు నా ముంజేతి మీద వరసగా మందు చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క దగ్గర సూదితో గుచ్చాడు. ఒకచోట దద్దురు రూపాయి బిళ్లంత లేచింది.

"బొగ్గు కాదు, ఇది వయ్యారిభామ పుప్పొడి. గాలిలో ఎగురుతుంది, కంటికి కనపడదు" అన్నాడు.

"మరి బాయిల మంచిగుంటుండె సార్" అన్నాను.

"ఉంటది మరి. పైనుంచి వచ్చేదీ దారిలోనే రాలిపోతది. కింద పూలెక్కడివి?" అన్నాడు.

నా భార్య నెత్తి కొట్టుకుంది. నాకైతే అక్కడే ఏడుపొచ్చింది. నాకు సరిపడే చోటు ఒక్కటుంటే, దాన్నుంచి తప్పించమని నేనే అందరి కాళ్లూ పట్టుకున్నాను.

పీల్చే మందు ఇచ్చి, రోజూ పుప్పొడి ఎంతుందో ఫోనులో చూసుకుని బయటికి వెళ్లమన్నాడు డాక్టరు. బిడ్డ అది చూపించే యాప్ నా ఫోనులో పెట్టింది. పళ్లు తోముకోకముందే అది చూసేవాణ్ని. మా ఊరికి ఎప్పుడు చూసినా "తక్కువ" అనే వచ్చేది, పచ్చ రంగులో. పచ్చగా ఉంది కదా అని ధైర్యంగా డ్యూటీకి పోయి, మధ్యాహ్నానికి దవాఖానలో మూతికి గొట్టం పెట్టించుకుని పడుకున్నాను. ఒకసారి కాదు.

బిడ్డ ఆరా తీసింది. "బాపూ, మన ఊర్ల పుప్పొడి కొలిచే మిషనే లేదట. ఎక్కడెక్కడియో లెక్కలు తీసి మన మీద అంచనా ఏస్తరట" అంది. మాకు దుమ్ము కొలిచే బోర్డుంది. కొలవరా మరి, మాది బొగ్గు ఊరాయె. మాకు ఇంకో జబ్బు వస్తుందని ఎవడనుకుంటాడు? కోపం పట్టలేక ఫోను నేలకేసి కొట్టబోతే, "ఫోనేం జేసిందయ్యా నిన్ను?" అని నా భార్య లాక్కుంది.

మొక్కలు పీకే పని మాన్పించి గేటు దగ్గర కూర్చోబెట్టారు. గేటుకు అవతలా అదే పొద. మా వాకిలి మేమిద్దరం శుభ్రం చేసుకున్నాం, వెనక క్వార్టర్ల లైనంతా అదే. పీల్చే మందు పూటకు పనిచేసేది, పూట దాటితే మళ్లీ ఈల. బతుకు మీద ఆశ పోయిందని రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. ఇక ఒక్కటే దారి కనిపించింది, మళ్లీ బాయిలో దిగడం. రిటైరయ్యేదాకానైనా ఆ పంపు దగ్గర ఊపిరి తీసుకుంటూ కూర్చోనివ్వమని అడిగాను.

మొదట నన్ను పైకి మార్చిన దవాఖానకే పిలిచారు. పెద్ద డాక్టరు మంచివాడే, కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. కరీంనగర్ కాగితం కూడా చదివాడు.

"ఇది నిజమే గావచ్చు కాకా. కని దమ్ము మనిషిని బాయిల ఎట్ల దింపుతం? లోపల ఏమన్నయితే ఎవలు జవాబు చెప్పాలె? బయట చూడు, పైకి మార్చుమని ఎంతమంది కూసున్నరో. నువ్వేంది, కిందికి పోతనంటవు?" అన్నాడు.

చెప్పాల్సిందంతా దారి పొడుగునా కూడబలుక్కునే వచ్చాను. నోరు తెరిచాను. ఆ గది కిటికీలు బార్లా తీసి ఉన్నాయి, అవతల అదే తెల్లటి పూత. ఛాతీలోకి గాలి పోలేదు, మాట బయటికి రాలేదు. ఆయన కాసేపు ఎదురుచూశాడు, పాపం. నేను ఒప్పుకున్నాననుకుని, తర్వాతి మనిషిని పిలిచాడు.